తుపాకి వాళ్లది, కట్టె పని నాది

(ఈ ఎపిసోడ్‌లో అన్న మాట్లాడింది విని రాసిపెట్టాం. వినడానికి నెట్ సరిగ్గా అందనివాళ్లు చదువుకోవచ్చు. యాసను చాలావరకు అట్లనే ఉంచాం.)

డ్యూటీ దిగి, ఇంత అన్నం తిని, ఫోను చెవి పక్కన పెట్టుకుని పండుకునే వేళ ఇది. ఈ టైములో నా మాట వింటున్నారంటే సంతోషం.

నేను సౌదీలో ఖతీఫ్ నుంచి మాట్లాడుతున్నాను. మాది నిర్మల్ దగ్గర పల్లె. మా తాత, మా నాయిన, నేను, అందరం వడ్రంగులమే. ఇక్కడికి 2009లో వచ్చాను. తలుపులు, కిటికీలు, వంటింటి అల్మారీలు, మజ్లిస్‌లో కూర్చునే బల్లలు, ఇవే నా పని.

ఇవ్వాళ చెప్పేది ఒక పాత వేట తుపాకి గురించి. తుపాకి అనగానే వీడేం చేసిండ్రా అనుకోకండి. నేను కొనలేదు. కొనబోయిన తమ్ముడిని ఆపినోణ్ని. కానీ అటువంటిదే ఇంకొక తుపాకికి కట్టె పని చేసినోణ్ని కూడా నేనే. రెండూ ఒక్క చలికాలంలోనే జరిగినయి. రెంటికీ నడుమ ఉన్న తేడా ఏంటిదో చెప్పాలని ఈ ఎపిసోడ్.

ఖతీఫ్ చూడనివాళ్లకు ఒక్క మాట. దమ్మామ్ నుంచి ఉత్తరంగా వస్తే సముద్రం ఒడ్డున ఖర్జూర తోటల మధ్య ఉన్న ఊరు. పక్కనే తారూత్ ద్వీపం, దాని మీద పాత కోట. ఇక్కడ గురువారం సంత పేరున్నది. 2013లో సెలవులు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారినా సంత పేరు మాత్రం గురువారం సంతే. పాత ఇత్తడి దల్లాలు, పాత రేడియోలు, తాళాలు, పెట్టెలు, అన్నీ కింద పరిచి అమ్ముతారు. నాకు చేతిపని వస్తువులు చూడడం ఇష్టం కాబట్టి డ్యూటీ లేనప్పుడు పోయి ఊరికే తిరిగి వస్తుంటాను.

నా రూములో జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు ఉండేవాడు. ఏసీ పని. మంచోడు, పైసా దాచుకునేవాడు. 2017 చలికాలంలో ఒకరోజు రాత్రి నా పక్కన కూర్చుని ఫోన్లో ఫొటో చూపించాడు.

"అన్నా, ఇది చూడు. సంతల దొరికిన ఒక స్క్రాపోడు చెప్పిండు. ఏడు వందల రియాళ్లట. వంద అడ్వాన్స్ ఇచ్చిన."

చూస్తే తుపాకి. నల్లగా మసి పట్టి ఉంది, కట్టె పగిలి ఉంది. ట్రిగ్గర్ చుట్టూ మన బస్సు కిటికీ కొక్కెం అంత పెద్ద ఇనుప కడియం ఒకటి ఉంది.

"అన్నా, గొట్టం మీద 1894 అని రాసి ఉన్నది. నూట ఇరవై ఏండ్ల నాటిది. నువ్వు కట్టె పని చేసి పాలిష్ కొట్టు. ఇంట్ల హాల్‌లో గోడకు పెడత. రెండు ముక్కలు విప్పి, ఒక ముక్క కార్గోల, ఒక ముక్క ఇంకో కార్గోల వేస్త. ఎవనికి తెలుస్తది?"

ఆ మాటతో నాకు నిద్ర పోయింది.

ముందు ఆ తుపాకి ఏంటిదో చెబుతాను. తెలియకపోతే ఆశ ఎందుకు పుడుతుందో కూడా తెలియదు. దాన్ని లివర్ తుపాకి అంటారు. ట్రిగ్గర్ కింద ఉన్న ఆ కడియాన్ని వేళ్లతో పట్టుకుని ముందుకు, కిందికి తోస్తే పేలిన తూటా ఖాళీ డొప్ప బయటికి ఎగిరి పడుతుంది, వెనక సుత్తి లేస్తుంది. మళ్లీ పైకి లాగితే కొత్త తూటా గొట్టంలోకి పోతుంది. తూటాలు గొట్టం కింద ఇంకో సన్నటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. ఒకదాని మొన ఇంకొకదాని వెనక తగులుతుంది కాబట్టి దీంట్లో సూది మొన తూటాలు వాడరు, మొద్దు మొనవే వాడతారు. కరెంటు లేదు, స్ప్రింగు, మీట, అంతే. పనివాడి కళ్లతో చూస్తే ముచ్చటైన మిషన్. అది అబద్ధం చెప్పను.

మా తమ్ముడు చూపించింది వించెస్టర్ కంపెనీ తయారు చేసిన 1894 మోడల్. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా మనిషి దాన్ని తయారు చేశాడు. గొట్టం మీద 1894 ఆగస్టు 21 అని తేదీ ఉంటుంది. అది తుపాకి పుట్టిన తేదీ కాదు, పేటెంట్ తేదీ. ఆ మోడల్‌ను అమెరికాలోని న్యూ హేవెన్ ఫ్యాక్టరీలో 2006 దాకా చేశారు. మొత్తం 70 లక్షలకు పైనే తయారైనయి. 1927లోనే పది లక్షలు దాటితే, ఆ పది లక్షలో తుపాకిని అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు ఇచ్చారు. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చారు. అందుకే పాతవి సేకరించేవాళ్లు 1964కు ముందువి వెతుకుతారు. వయసు తెలియాలంటే కింద ఉన్న సీరియల్ నంబర్ చూడాలి. స్క్రాపోడు చెప్పే 1894 ముచ్చట నమ్మితే, మన ఊర్ల సంతలో ఈస్టిండియా కంపెనీ పైస అని అమ్మేటోణ్ని నమ్మినట్టే.

ఇది అమెరికావాళ్ల వస్తువు కదా, ఈ ఎడారి దేశానికి ఎట్లా వచ్చింది అని నేనూ అనుకున్నాను. కానీ లివర్ తుపాకికీ ఈ దిక్కు పాలకులకూ చాలా పాత సంబంధమే ఉంది. 1871లో తుర్కీవాళ్లు, అంటే ఒట్టోమన్లు, సైన్యం పంపి ఖతీఫ్‌ను, అల్ అహ్సాను పట్టుకున్నారు. 1913లో ఇబ్న్ సౌద్ వచ్చేదాకా ఇక్కడ వాళ్లదే రాజ్యం. అదే కాలంలో తుర్కీవాళ్లు వించెస్టర్ కంపెనీ నుంచి 1866 మోడల్ లివర్ తుపాకులు 50 వేల దాకా కొన్నారు. 1877లో ప్లెవ్నా దగ్గర రష్యావాళ్ల మీద వాటినే వాడారు. తర్వాత ఈ నేలలో నూనె పడింది. 1938 మార్చిలో దహ్రాన్‌లో ఏడో నంబర్ బావి, 1945లో ఖతీఫ్ కింద నూనె. దాని వెంట అమెరికా ఇంజనీర్లు వచ్చారు. ఇంకో ముచ్చట చెప్పనా? మనం తెలుగులో అంటామే తుపాకి అని, ఆ మాట కూడా తుర్కీ భాష నుంచి వచ్చిందే.

సరే, మా రూముకు వద్దాం.

నేను తమ్ముడికి చెప్పాను: "ఇది గోడ బొమ్మ కాదురా. ఇది ఆయుధం." వాడు అన్నాడు: "అన్నా, పేలదు. తుప్పు పట్టింది." ఇక్కడే మనోళ్లు దెబ్బ తింటారు. పాతది, తుప్పుపట్టింది, పేలదు అనేది మన లెక్క. చట్టం లెక్క అది కాదు.

సౌదీలో ఆయుధాలకు, తూటాలకు వేరే చట్టం ఉంది, 2005లో వచ్చింది. లైసెన్స్ లేకుండా ఆయుధం కొనడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం, రిపేరు చేయడం, అన్నీ నేరాలే. వేట తుపాకీ అందులోదే. జైలు ఉంటుంది, జుర్మానా ఉంటుంది. అకామా మీద బతికే మనకు ఆ తర్వాత ఇంటికి పంపుడు కూడా ఉంటుంది. మన దేశంలోనూ అంతే. 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. బయటి నుంచి తుపాకి తేవాలంటే ముందే లైసెన్స్ కావాలి. పాతవాటికి ఒక మినహాయింపు ఉంది, నిజమే. కానీ అది మరమ్మతు చేసినా పేలే వీలు లేని పాత ఆయుధానికి మాత్రమే. మా తమ్ముడు నన్ను అడిగిందే మరమ్మతు చేయమని! ఇక రెండు ముక్కలు చేసి రెండు కార్గోల్లో వేయడమంటే, తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా మనమే మూసుకున్నట్టు. ఎక్స్‌రే మిషన్‌లో తుపాకి గొట్టం తుపాకి గొట్టంలాగే కనబడుతుంది. కార్గో కాగితం మీద ఎవరి పేరుంటుంది? ఊర్లో దాన్ని విడిపించుకోవడానికి ఎవరు పోవాలి? వాళ్ల నాయిన. అరవై ఐదేండ్ల మనిషి.

ఆ మాట అన్నప్పుడు వాడు తల దించుకున్నాడు. కానీ కోపం పోలేదు. "నీకు ఇష్టం లేక గట్ల చెప్తున్నవ్. నా వంద రియాళ్లు పోయినయ్" అన్నాడు. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. ఒకే రూము, ఒకే పొయ్యి, ఒకే బాత్‌రూమ్. మాట లేదు. మీకు తెలుసు కదా, అది ఎంత కష్టమో. అయినా అడ్వాన్స్ కోసం మళ్లీ ఆ మనిషి దగ్గరికి పోనీయలేదు. వంద పోతే పోయింది.

వాని ఆశ నాకు అర్థం కాక కాదు. అర్థమైంది కాబట్టే నిద్ర పట్టలేదు. మా తాతకు ఒక తుపాకి ఉండేది. ముందు నుంచి మందు దట్టించే నాటు తుపాకి. అడవిపందులు మక్క చేను తొక్కకుండా కాపాడుకోవడానికి లైసెన్స్ ఇచ్చేవాళ్లు. మా తాత రాత్రిపూట మంచె మీద దాన్ని పక్కన పెట్టుకుని పండుకునేవాడు. ఎన్నికలు వస్తే తీసుకపోయి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. వానకాలం ముందు దాని కట్టెకు అవిసె నూనె రాసేవాడు, అరచేత్తో, గంటసేపు. నేను పక్కన కూర్చుని ఆ వాసన పీల్చేవాణ్ని. తాత పోయినంక మా నాయిన దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పిండు. నాకు పన్నెండేండ్లు. ఏడ్చిన. తాత వస్తువు ఒకటి ఇంట్లో ఉంటే బాగుండు అని ఇప్పటికీ ఉంటుంది. జగిత్యాల తమ్ముడికి కూడా అట్లనే, పదేండ్లు ఎడారిలో చెమట కార్చినోని ఇంట్లో గొప్పగా చూపించుకునే వస్తువు ఒకటి ఉండాలని. ఆశ తప్పు కాదు, పట్టుకున్న వస్తువు తప్పు.

ఇప్పుడు రెండో కథ.

తమ్ముడి సంగతి పేరు చెప్పకుండా మా ముదీర్‌ను అడిగాను. ఖతీఫ్ మనిషే, నాకంటే పదేండ్లు పెద్ద. "ఒకవేళ మనలాంటోడు సంతలో పాత తుపాకి కొంటే ఏమవుతది?" అన్నాను. ఆయన చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టి, "ముట్టుకోకు. ముట్టుకున్నవాని పక్కన కూడా ఉండకు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

నాలుగు రోజులైనంక ఆయనే పిలిచాడు. మజ్లిస్‌లో కూర్చోబెట్టి, లోపలి నుంచి గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముందు కాగితాలు చూపించాడు, తర్వాతే గుడ్డ విప్పాడు. లివర్ తుపాకి. ఆయన తండ్రిది. చిన్నప్పుడు నూనె కంపెనీలో పనిచేసిన తండ్రికి, దేశం విడిచిపోతున్న ఒక అమెరికా దొర ఇచ్చిపోయాడట. తండ్రి పేరు మీద ఉన్నది కొడుకు పేరు మీదికి మారింది. ఇనుము పనంతా లైసెన్స్ ఉన్న దుకాణంలో చేయించాడు. ఫైరింగ్ పిన్ తీయించి ఇక పేలకుండా చేయించాడు. కట్టె మాత్రం ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదట.

"నా తండ్రి చెయ్యి పట్టిన కట్టె ఇది. నువ్వు చేస్తవా?"

నాకు భయమైంది. ముందు నా షరతులు చెప్పాను. తుపాకి ఈ ఇల్లు దాటొద్దు. నేను నా రూముకు తీసుకపోను, వర్క్‌షాపుకు తీసుకపోను. కట్టెను విప్పేది, మళ్లీ బిగించేది మీ చేత్తోనే. నేను పని చేసినంతసేపు మీ ఇంటి మనిషి ఒకరు నా పక్కన ఉండాలి. ఫొటో తీయను, తీయనివ్వను. ఆయన నవ్వి, "నువ్వు వకీలువా, వడ్రంగివా?" అన్నాడు. అన్నీ ఒప్పుకున్నాడు. వెనక ఒక్క మర విప్పితే తుపాకి మడమ ఊడి వస్తుంది. ఆయనే విప్పి నా ముందు పెట్టాడు. ఇనుమును ఆయన లోపల పెట్టి తాళం వేసుకున్నాడు.

ఆ కట్టె అక్రోట్. మన టేకులాగా నూనె ఉన్నది కాదు. బరువు తక్కువ, కానీ గట్టిది. పాత పాలిష్ చచ్చిపోయి, ఇనుముకు రాసే నూనె ఏండ్ల తరబడి ఇంకి నల్లబడింది. మడమ మెడ దగ్గర సన్నని పగులు. అక్కడక్కడ నొక్కులు.

ముదీర్ కొడుకుకు ఇరవై ఏండ్లు. వాడు నా పక్కన కాపలా కూర్చునేవాడు. "కొత్తదాని లెక్క మెరవాలి, సాండ్ పేపర్ కొట్టు" అన్నాడు. నేను కొట్టలేదు. పాత వస్తువు మీద సాండ్ పేపర్ కొట్టడమంటే ముసలాయన మొహం మీద ముడతలు చెక్కినట్టే. సేకరించేవాళ్లు కూడా పాత మెరుపు చెరిపిన తుపాకికి విలువ తగ్గిస్తారు. పైగా కట్టె, ఇనుము కలిసే చోట కట్టె వెంట్రుక వాసి ఎత్తుగా ఉండాలి. రాకితే అది దిగిపోతుంది, మళ్లీ పెరగదు. రెండు రోజులు ఊరికే తిప్పి తిప్పి చూశాను. మా తాత చెప్పేవాడు, ఉలి పట్టే ముందు కండ్లు పట్టాలని.

మొదట నూనె గుంజాలి. సుద్ద పొడిని అసిటోన్‌లో కలిపి ముద్ద చేసి కట్టె మీద పూశాను, తలుపులు తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా. ఆరినంక తెల్ల సుద్ద గోధుమ రంగుకు తిరిగింది. కట్టెలో ఉన్న నూనె దాంట్లోకి ఎక్కింది. దులిపి మళ్లీ పూశాను. మూడు సార్లయినంక కట్టె అసలు రంగు బయటపడింది. ముదురు తేనె రంగు, దాంట్లో నల్లటి గీతలు. ముదీర్ చూసి చాలాసేపు ఏమీ అనలేదు.

పగులులోకి పల్చటి ఎపాక్సీ పట్టించి, సైకిల్ ట్యూబ్ కోసి గట్టిగా చుట్టి ఒక రోజు వదిలేశాను. తర్వాత నొక్కులు. ఈ పని మన ఊర్లో మంచం కోళ్లకు కూడా చేసుకోవచ్చు, గుర్తు పెట్టుకోండి. తడి గుడ్డ నొక్కు మీద వేసి, వేడి ఇస్త్రీ పెట్టె కొనతో ఒక క్షణం తాకించాలి. ఆవిరి కట్టెలోకి పోయి, నలిగిన పోగులు ఉబ్బి పైకి లేస్తాయి. తెగిన పోగులు మాత్రం లేవవు. కత్తి గాటు పోదు, దెబ్బ నొక్కు పోతుంది.

ఇక్కడే నేను తప్పు చేశాను.

మడమ ఎడమ దిక్కున చిన్న చిన్న చుక్కల్లాంటి నొక్కులు వరసగా ఉన్నాయి. గోడకు ఆనించినప్పుడు రాయి తగిలిందేమో అనుకున్నాను. మొదటిదాని మీద ఆవిరి పెట్టాను. అది పైకి లేచి మాయమైంది. రెండోదానికి గుడ్డ తడిపేటప్పుడు చూస్తే, అన్నీ సమానమైన దూరంలో ఉన్నాయి. చెయ్యి ఆగిపోయింది. లెక్కపెట్టాను. ఆరు ఉన్నాయి. నేను చెరిపినదానితో ఏడు.

పిల్లగాణ్ని అడిగాను: "మీ నాయినవాళ్లు ఎంత మంది?"

"ఏడుగురు" అన్నాడు.

చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలియకపోవచ్చు. అన్నలూ, ఆ పది నిమిషాలు నేను ఏమేమి ఆలోచించానో అన్నీ చెప్పలేను. ఉద్యోగం గుర్తొచ్చింది, బిడ్డ ఫీజు గుర్తొచ్చింది. తర్వాత మా తాత గుర్తొచ్చాడు. ముదీర్‌ను పిలవమన్నాను. ఆయన రాగానే కట్టె చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన మొహం మారింది. నన్ను ఏమీ అనలేదు. కట్టె తీసుకుని లోపల వాళ్ల అమ్మ దగ్గరికి పోయాడు. ఆమెకు చూపు ఆనదు. నేను మజ్లిస్‌లో ఒక్కణ్నే కూర్చున్నాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అరగంటకు వచ్చాడు.

"మా అమ్మ వేళ్లతో తడిమి చూసింది. బిడ్డ పుట్టినప్పుడల్లా మా నాయిన ఒక మేకు మొనతో నొక్కేవాడట. నువ్వు చెరిపింది మొదటిది. మా పెద్దక్కది."

నేను లేచి నిలబడ్డాను. "మళ్లీ పెట్టుమంటారా?" అని నోటిదాకా వచ్చింది, అడగలేదు. అది నా చెయ్యి పెట్టే గుర్తు కాదు. అదే చెప్పాను.

ఆయన కొంచెం ఆలోచించి, "అక్క బహ్రెయిన్‌లో ఉంటది. శుక్రవారం వస్తది. అప్పటిదాకా ఆపు" అన్నాడు.

శుక్రవారం పెద్దక్క కింగ్ ఫహద్ వంతెన మీదుగా వచ్చింది. నేను లోపలికి పోలేదు, మజ్లిస్‌లోనే ఉన్నాను. లోపల నవ్వులు వినబడ్డాయి. ఆమె తన చేత్తో తానే మేకు మొన పెట్టి నొక్కిందట. ముదీర్ కట్టె తెచ్చి చూపించాడు. ఆ చుక్క మిగతావాటికంటే కొంచెం లోతు, కొంచెం వంకర. "మా అక్క ఎప్పుడూ అంతే, గట్టిగా చేస్తది" అన్నాడు. అప్పుడు నా గుండె కుదుటపడింది.

మిగిలింది అవిసె నూనె. ఉడికించిన అవిసె నూనె డబ్బాల్లో దొరుకుతుంది. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి. ఎక్కువైంది తుడిచేయాలి. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ. ఖతీఫ్ సముద్రం గాలికి తొందరగా ఆరదు, కాబట్టి కొన్నిసార్లు రెండు రోజులు ఆగాను. పన్నెండు పూతలు. మందంగా ఒక్కసారి పూస్తే జిగటగా మిగిలిపోతుంది. ఆ వాసనకు మంచె మీద తాత పక్కన కూర్చున్నట్టే ఉండేది.

ఒక్క హెచ్చరిక. ఇది తుపాకి కట్టెకే కాదు, తలుపుకు, కుర్చీకి నూనె రాసే ప్రతి ఒక్కరికీ. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చేసి మూలకు పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండలో వేడి బయటికి పోలేదు, పెరిగి పెరిగి దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. ఒక రూములో ఎనిమిది మంది పండుకునే మన బతుకుల్లో ఇది చాలా ముఖ్యం. ఆ గుడ్డను నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టండి, లేకపోతే బయట పరిచి పూర్తిగా ఆరేయండి.

పని అయిపోయింది. మర ఆయనే బిగించాడు. కట్టె మెరుస్తలేదు, లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంది. మెడ దగ్గర వాళ్ల తండ్రి బొటనవేలు అరగదీసిన చోటు అట్లనే ఉంది. ఆరు వందల రియాళ్లు ఇచ్చాడు. తీసుకున్నాను. కూలి కూలే. తర్వాత వాళ్ల అమ్మ పంపిందని ఒక డబ్బా ఖర్జూరాలు ఇచ్చాడు.

ఆ ఖర్జూరాలు రూముకు తెచ్చి జగిత్యాల తమ్ముడి మంచం మీద పెట్టాను. పదిహేను రోజుల మౌనం అప్పటికే కొంచెం కరిగింది. తింటూ అడిగాడు: "ఎట్లున్నది అన్నా అది? ఫొటో చూపించు."

"ఫొటో లేదురా" అన్నాను. చెప్పుకుంటూ పోయాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. అంతా విని అన్నాడు: "ఏడు చుక్కలున్నయ్ కాబట్టి అది వాళ్లకు విలువ. నేను కొంటే నాకేమున్నది, ఎవని చుక్కలో." నేను ఆ మాట వానికి చెప్పలేదు, వాడే అన్నాడు. తర్వాతి నెల వాడు సంతలో పాత ఇత్తడి దల్లా ఒకటి 80 రియాళ్లకు కొన్నాడు. చింతపండు పెట్టి ఇద్దరం కలిసి తోమాం. అది ఇప్పుడు వాళ్ల ఇంట్లో టీవీ పక్కన ఉంది. కార్గోలో ఏ భయం లేకుండా పోయింది.

కాబట్టి తమ్ముళ్లూ, పాత కత్తి, పాత తుపాకి, తుపాకి ముక్క, తూటా డొప్ప, ఏదైనా సరే, ఎవరన్నా చవకగా ఇస్తామంటే చేతులు వెనక్కి పెట్టుకోండి. పట్టుకుని ఫొటో దిగి స్టేటస్ పెట్టకండి. ఇంకొకరి సామాను మీ కార్గోలో, మీ పేరు మీద వేయకండి. యజమాని తుపాకి ఇచ్చి తుడువుమంటే కూడా, కాగితం ఎవరి పేరు మీద ఉందో అడగండి, ఒంటరిగా ముట్టుకోకండి. అడిగితే కోపం చేస్తారేమో అని భయం ఉంటుంది. మా ముదీర్ అయితే నవ్విండు. కోపం చేసేటోడు అయితే, ఆ పని అసలే వద్దు.

పోయినసారి ఛుట్టీ మీద పోయినప్పుడు మా నాయినను అడిగాను, తాత తుపాకి సంగతి. ఆయన ఇనుప పెట్టె తెరిచి, మడత పెట్టిన కాగితం తీశాడు. స్టేషన్‌లో ఇచ్చిన రసీదు. తాత పేరు, తుపాకి నంబరు, స్టాంపు, సంతకం. మడతల దగ్గర చిరుగుతుంటే వెనక గుడ్డముక్క అతికించాడు. "అప్పజెప్పినట్టు సాక్ష్యం ఉండాలె కదా బిడ్డా" అన్నాడు. నేను దానికి చిన్న టేకు పెట్టె చేశాను. అవిసె నూనె రాశాను. ఇప్పుడు అది మా ఇంట్లో ఉంది.

మీ రూములో, మీ ఊర్లో మీరు బాగుచేసిన పాత వస్తువు ఏదన్నా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. గడియారమైనా సరే, కుట్టుమిషనైనా సరే. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. పొద్దున డ్యూటీ ఉన్నది కదా, పండుకోండి. ఉంటాను.